పెద్ద టర్బో కొనే ముందు మొదటి 18 మీటర్లు చూసుకో

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. ఉండేది విజయనగరం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్కోడా లారా 1.8 టీఎస్ఐ, ఆరు గేర్ల మాన్యువల్. స్టేజ్ 2 ట్యూన్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం), ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి) వేయించావు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) మాత్రం కంపెనీదే. బెంగళూరు దగ్గర ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన 402 మీటర్ల (పావు మైలు) డ్రాగ్ రేస్ మీట్‌లో మూడు రన్లు తీశావు: 15.3, 15.5, 15.8 సెకన్లు. మొదటి రన్‌లో 60 అడుగులకు 2.6 సెకన్లు పట్టింది, చివర గీత దాటేటప్పుడు వేగం 156 కిలోమీటర్లు. ఇప్పుడు దాచుకున్న డబ్బంతా పెట్టి, కంపెనీదానికంటే పెద్దదైన కే04 టర్బో వేయించుకుంటే 15 సెకన్ల లోపు వస్తానా అన్నది ప్రశ్న.

టర్బో ఇప్పుడే వద్దు. నీ స్లిప్పే (రన్ అంకెలు రాసిచ్చే కాగితం) ఆ మాట చెప్తోంది.

స్లిప్పు మీద ఉన్న అంకెల్లో అందరూ మొదట చూసేది మొత్తం సమయం. నేను మొదట చూసేది చివరి వేగం. 402 మీటర్లలో ఆఖరి 20 మీటర్ల సగటు వేగం అది. స్టార్టింగ్‌లో చక్రాలు తిరిగిపోయినా, క్లచ్ తడబడినా ఆ అంకె పెద్దగా మారదు. ఇంజిన్‌లో ఎంత సత్తా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. దీనికి పాతకాలం నుంచీ వాడుతున్న ఒక లెక్క ఉంది: హార్స్‌పవర్‌ని పౌండ్లలో బరువుతో భాగించి, ఘనమూలం తీసి, 234తో గుణిస్తే గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. నీ బండి, నువ్వు, ఇంధనం కలిపి 1,480 కిలోలు అనుకుందాం. 156 కిలోమీటర్ల వేగం రావాలంటే 230 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉండాలి. కంపెనీ నుంచి 160తో వచ్చిన బండికి స్టేజ్ 2లో అది మంచి అంకె. నీ ట్యూనర్ పని సరిగ్గానే చేశాడు.

ఆ లెక్కే తిప్పి సమయానికి వేస్తే, అంత పవర్ ఉన్న బండి 14 సెకన్ల చిల్లరలో గీత దాటాలి. నీకు 15.3 వచ్చింది. అంటే సెకను పైగా ఎక్కడో పోయింది. అందులో ఎక్కువ భాగం మొదటి 60 అడుగుల్లోనే, అంటే 18 మీటర్లలోనే పోయింది. అక్కడ పదో వంతు సెకను మిగిలితే చివరికి వచ్చేసరికి అది ఒకటిన్నర నుంచి రెండు రెట్లవుతుంది, ఎందుకంటే ముందు అందుకున్న వేగం దారి పొడవునా నీతోనే ఉంటుంది. 2.6ని 2.3కి తెచ్చావంటే అర సెకను తగ్గినట్టే.

ఈ పాఠం నాకు తేలిగ్గా రాలేదు. మాది శ్రీకాకుళం. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల డీజిల్ బళ్ల టర్బోలు విప్పుతూ పని నేర్చుకున్నాను. నా సొంత బండి ఫియట్ లీనియా టీ-జెట్, 1.4 లీటర్ల ఇంజిన్, కంపెనీ నుంచి 114 పీఎస్. నేను కూడా నువ్వు అనుకున్నట్టే మొదట పెద్ద టర్బో వేశాను. చివరి వేగం పెరిగింది, సమయం మాత్రం పాతదానికంటే చెడింది. బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) 3,800 ఆర్పీఎం దగ్గర ఒక్కసారిగా వచ్చేది. అప్పటిదాకా బండి నిద్రపోయేది, వచ్చాక ముందు చక్రాలు పొగ పెట్టేవి. ఒక సీజన్ అంతా అలాగే పోయింది. పాత టర్బో తిరిగి వేసి, టైర్లు మార్చి, స్టార్టింగ్ నేర్చుకున్నాకే అంకెలు దిగాయి.

మన వైపు పెద్దలు వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి గురించి చెప్పుకునేది నువ్వూ వినే ఉంటావు. రెండు భుజాలకూ గొలుసులతో రెండు కార్లు కట్టించుకుని, డ్రైవర్లు ఎంత తొక్కినా కదలనివ్వలేదని చెప్తారు. చిన్నప్పుడు అది విని ఆయన బలానికే ఆశ్చర్యపోయేవాణ్ని. ఈ పనిలో పడ్డాక ఇంకో సంగతి కూడా తోచింది. ఇంజిన్ ఎంత గర్జించినా, టైరు నేలను ఎంత పట్టుకుంటే బండి అంతే లాగగలదు. నీ లారాకి అవసరమైంది ఆ పట్టే.

ముందు చక్రాలతో నడిచే బండికి ఇక్కడే చిక్కు. ఎడ్లబండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది కదా, అలాగే గట్టిగా ముందుకు దూకేటప్పుడు బరువు వెనక్కి పోతుంది. నీ బండి ఎత్తు, చక్రాల మధ్య దూరం బట్టి లెక్కేస్తే, గట్టి లాంచ్‌లో 150 కిలోల దాకా ముందు చక్రాల మీంచి వెనక్కి మారుతుంది. పట్టు కావాల్సిన క్షణంలోనే పట్టు తగ్గుతుంది. పైగా కంపెనీ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది) ఓపెన్‌ది, ఒక చక్రం జారితే రెండోది కూడా చతికిలపడుతుంది.

అందుకే మొదటి ఖర్చు టైర్లకి. నీ టైర్లు ఎప్పటివో రాయలేదు. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది చూడు: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. అరుగుదల లేకపోయినా ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, మన ఎండకి ఇంకా త్వరగా. ట్రెడ్‌వేర్ నంబరు (టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె) 200 దగ్గరున్న మెత్తని రబ్బరు టైర్లు ఒక జత ముందుకి తీసుకో. 205/55 ఆర్16 సైజు నీకు సరిపోతుంది. అందం కోసం 18 అంగుళాల రిమ్‌లకి పోవద్దు. పక్క గోడ ఎత్తుగా ఉన్న టైరు కొంచెం నలిగి రోడ్డుని పట్టుకుంటుంది, సన్నటిది ఆ పని చేయలేదు. బెంగళూరు దాకా వెయ్యి కిలోమీటర్ల పైన పాత టైర్ల మీదే వెళ్లి, అక్కడ మార్చుకో. మెత్తటి జత హైవే మీదే అరిగిపోతే ఏం లాభం?

గాలి ముందు చక్రాల్లో 26 పీఎస్ఐతో మొదలుపెట్టి, రన్‌కి రెండేసి తగ్గించి చూడు. 22 కంటే కిందకి దిగకు, 150 వేగంలో బండి ఊగుతుంది. వెనక 38 ఉంచు. ప్రతి రన్ తర్వాత ప్రెషర్, 60 అడుగుల సమయం ఒక పుస్తకంలో రాసుకో. మూడు రన్లలో ఏ అంకె నీ బండికి సరిపోతుందో అదే చెప్తుంది.

బర్నౌట్ సంగతి. వీడియోల్లో చూసి నీళ్లు పోసిన చోట చక్రాలు తిప్పకు. అది గీతలు లేని స్లిక్ టైర్ల కోసం. మామూలు టైరు గీతల్లో నీళ్లు చేరి, స్టార్టింగ్ గీత దగ్గర కారి, నీ చక్రాల కిందే తడి చేస్తాయి. నీళ్ల పక్కనుంచి వెళ్లు. పొడి నేల మీద, హ్యాండ్‌బ్రేక్ వేసి, రెండు మూడు సెకన్లు తిప్పితే దుమ్మూ రాళ్లూ పోతాయి. అంతకు మించితే రబ్బరు వేడెక్కి జిడ్డుగా మారి జారుతుంది.

స్టేజింగ్ గురించి నువ్వు ఏమీ రాయలేదు, చాలామంది దీన్ని పట్టించుకోరు. గీత దగ్గర రెండు లైట్లు ఉంటాయి, ప్రీ-స్టేజ్, స్టేజ్. ముందు చక్రం కాంతిరేఖను వదిలి బయటికి వెళ్లినప్పుడే గడియారం మొదలవుతుంది, పచ్చ లైటు పడినప్పుడు కాదు. రెండో లైటు వెలగగానే ఆగిపోతే, గడియారం మొదలయ్యే ముందు బండికి అడుగు దూరం దాకా ఉచితంగా దొరుకుతుంది. ఆ అడుగు దాటడానికే నీ బండికి సెకనులో మూడో వంతు పడుతుంది. రెండో లైటు వెలిగాక కూడా ముందుకి పాకించావంటే ఆ లాభం పోతుంది. అంగుళం అంగుళం జరుపు, లైటు వెలగగానే ఆగు. నీ ప్రతిస్పందన సమయం ఈ 15.3లో కలవదు, కాబట్టి పచ్చ లైటు చూసి కంగారుపడక్కర్లేదు. పక్క లేన్‌లో ఎవరున్నారో అన్న టెన్షన్ కూడా వదిలేయ్. ఇప్పుడు నువ్వు పోటీపడేది నీ పాత స్లిప్పుతోనే.

ఇక లాంచ్. ఇఎస్‌పీ (చక్రం జారితే పవర్ తగ్గించే ఏర్పాటు) ఆఫ్, ఏసీ ఆఫ్, స్టీరింగ్ నిటారు. 5,000 ఆర్పీఎం పెట్టి క్లచ్ ఒక్కసారి వదిలేస్తున్నావని నా అనుమానం, 2.6 సాధారణంగా అలాగే వస్తుంది. ఇంజిన్‌ని 2,800 నుంచి 3,200 మధ్య నిలకడగా పట్టు. క్లచ్‌ని బైట్ పాయింట్ (అది పట్టడం మొదలయ్యే చోటు) దాకా త్వరగా తెచ్చి, అక్కడ్నుంచి ఒక సెకను పాటు మెల్లిగా వదులు. చక్రం కొంచెం జారుతూ లాగాలి. కీచుమని అరిచిందంటే జారుడు ఎక్కువైంది, యాక్సిలరేటర్ కాస్త తగ్గించు, పూర్తిగా వదలకు. బూస్ట్ పూర్తిగా ఎక్కేది బండి కదిలాకే కావాలి. నీ ట్యూనర్‌ని అడిగి మొదటి, రెండో గేర్లకి టార్క్ పరిమితి పెట్టించు. మ్యాప్‌లో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల్లో) మార్పే, కొత్త సామాను ఏదీ అక్కర్లేదు. పవర్ తగ్గిస్తే సమయం తగ్గుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు, చేసి చూడు.

బండి ముందు భాగం దడదడలాడుతూ గెంతుతోందా? అదైతే వెంటనే ఆపాలి. ఆ గెంతు యాక్సిల్ జాయింట్లను విరగ్గొడుతుంది. ఇంజిన్ కింద ఉండి అది ఊగకుండా పట్టే డాగ్‌బోన్ మౌంట్ రబ్బరు పాతబడి ఉంటుంది. దానికి గట్టి పాలియురేథేన్ ఇన్సర్ట్ వేయించు. ఐడిల్‌లో క్యాబిన్‌లోకి కాస్త వణుకు వస్తుంది, భరించవచ్చు.

సాధన ఎక్కడ అంటావు. భోగాపురం, పూసపాటిరేగ వైపు హైవే మీద అర్ధరాత్రి రన్లు తీసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. తమ్ముడూ, ఆ పని చేయకు. లైట్లు లేకుండా ఆగిన లారీలు, రోడ్డు దాటే గేదెలు, తెల్లవారుజామున చేపల బుట్టలతో వెళ్లే మనుషులు ఉండే రోడ్డది. 150 వేగంలో నీ హెడ్‌లైట్ వెలుగులో కనిపించిన దాన్ని తప్పించే వ్యవధి నీకుండదు. చట్టం కూడా స్పష్టంగానే ఉంది: మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తర్వాత, మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా, రెండూ కలిపి కూడా పడొచ్చు. నాకు జరిమానా కంటే ఆ మనుషులే ఎక్కువ భయం.

అసలు నీకు కావాల్సింది 402 మీటర్లు కాదు, 18. నేను నేర్చుకున్నది ఆమదాలవలస దగ్గర తెలిసినవాళ్ల రైస్ మిల్లు సిమెంటు కల్లంలో. ధాన్యం లేని రోజుల్లో మిల్లు వాళ్లని అడిగి, గేటు మూయించి, లోపల మనుషులెవరూ లేకుండా చూసుకుని చేసేవాణ్ని. 18 మీటర్లకి వేగం 50 దగ్గరికి వస్తుంది, ఆగడానికి కూడా కలుపుకుని 80 మీటర్ల ఖాళీ ఉంటే చాలు. ముందు బాగా ఊడ్పించు. ఊక, తవుడు దుమ్ము మీద ఏ టైరూ నిలవదు. జీపీఎస్‌తో పనిచేసే చిన్న టైమింగ్ పెట్టెలు దొరుకుతాయి, ఒకటి కొనుక్కో. రోజుకి ఐదారు లాంచ్‌లకి మించకు, ప్రతిదానికీ మధ్య పది నిమిషాలు క్లచ్ చల్లారనివ్వు. ముప్పై లాంచ్‌లు దాటాక నీ కాలికి లెక్క దానంతటదే తెలుస్తుంది.

క్లచ్ అన్నాను కాబట్టి ఇదీ విను. కంపెనీ క్లచ్ 250 ఎన్ఎం టార్క్ బండికి వేసింది, నీ ట్యూన్ దాన్ని బాగా దాటించి ఉంటుంది. నాలుగో గేరులో నిండా తొక్కితే ఆర్పీఎం ఎక్కి వేగం ఎక్కకపోతే క్లచ్ జారుతోందని అర్థం. అప్పుడు టర్బో కంటే ముందు అదే మార్చాలి.

గేర్ల విషయానికొస్తే, నీ బండి గీత చేరేలోపు మూడుసార్లు గేరు మారుతుంది. రెడ్‌లైన్ దాకా లాగకు. నీ టర్బో చిన్నది, 6,000 దాటాక ఊపిరి అందదు. 6,200 దగ్గర మార్చి చూడు. ఒక్కో మార్పుకి అర సెకను పట్టేవాడు పావు సెకనుకి తెచ్చుకుంటే ముప్పావు సెకను తక్కువసేపు పవర్ లేకుండా ఉంటాడు. అదంతా సమయంలో తగ్గదు కానీ రెండు మూడు పదో వంతులు తగ్గుతాయి. ఇంజిన్ ఆపి, పార్కింగ్‌లో కూర్చుని రెండు నుంచి మూడుకి లివర్ వెళ్లే దారిని చేతికి అలవాటు చెయ్. మూడుకి బదులు ఒకటిలో పడితే ఇంజిన్ మిగలదు.

మూడు రన్లలో సమయం పెరుగుతూ పోయిందన్నావే, 15.3 నుంచి 15.8కి, అది వేడి. నువ్వు వరుసగా తీసి ఉంటావు. టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ చల్లబరచాలి, అది కూడా వేడితో నిండిపోతే చేసేదేం లేదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 35 డిగ్రీల నుంచి 70కి పెరిగితే అదే బూస్ట్‌లో గాలి సుమారు పదో వంతు పల్చబడుతుంది. నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) కూడా వెనక్కి లాగుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి మన కోస్తా కంటే పదో వంతు తక్కువ. ఈసీయూ అడిగిన ఒత్తిడి ఇవ్వడానికి టర్బో ఎక్కువ తిరగాలి, ఇంకా వేడెక్కుతుంది. మన దగ్గర ఎత్తు సమస్య లేదు, ఉక్కపోత ఉంది. 35 డిగ్రీల్లో 70 శాతం తేమ ఉంటే గాలిలో దాదాపు నాలుగు శాతం ఆవిరే, అంతమేరకు ఆక్సిజన్ తగ్గినట్టు.

అందుకని ఉదయం మొదటి రన్లకే వెళ్లు. రన్ అయ్యాక వెంటనే ఇంజిన్ కట్టేయకు, రెండు నిమిషాలు మెల్లిగా నడిపి టర్బోని చల్లబరిచి అప్పుడు ఆపు. బానెట్ ఎత్తి కనీసం అరగంట వదిలేయ్. గోనెపట్టాలో ఐస్ చుట్టి ఇంటర్‌కూలర్ మీద పెట్టొచ్చు. గీత దగ్గరికి వచ్చే ముందు తీసేసి, నీళ్లు కారకుండా తుడిచెయ్. నీ దగ్గర కొంత డబ్బు మిగిలితే, పెద్ద ఇంటర్‌కూలర్ కే04 కంటే ముందు రావాలి. ఆ టర్బో వేసినా అది ఎలాగూ కావాలి.

బరువు: 45 కిలోలు తగ్గితే పదో వంతు సెకను దొరుకుతుంది. అక్కడికి చేరాక స్టెప్నీ, జాకీ, సామాను దింపేయ్, ట్యాంక్ పావు వంతే ఉంచు. ఇవన్నీ వెనక ఉన్న బరువులే, తీసేస్తే ముందు చక్రాల వాటా పెరుగుతుంది. ముందు సీటు తీసే పని మాత్రం వద్దు.

ఇవేవీ చేయకముందు ఒక పని ఉంది. నీది పాత ఇంజిన్. ఈ తరం 1.8 టీఎస్ఐలో టైమింగ్ చైన్ టెన్షనర్ (వాల్వులను నడిపే గొలుసుని బిగించి ఉంచేది) బలహీనం. అది వదిలేస్తే చైన్ జారి, వాల్వులు వంగి, ఇంజిన్ ఖర్చు బండి ధరని మించుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గొలుసు గలగలమంటే బండిని కదపకుండా మెకానిక్‌ని పిలు. శబ్దం లేకపోయినా కొత్త రకం టెన్షనర్ వేసి ఉందో లేదో చూపించు. డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు బూస్ట్‌ని దారి మళ్లించేది) డయాఫ్రమ్ చిరిగిందేమో, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను వదిలేది) గాలి వదులుతోందేమో చూడాలి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు కొట్టే ఇంజిన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, శుభ్రం చేయించావో లేదో రాయి. నాకో అనుభవం: పేరున్న చోటే పని చేయించాను, ఇంటర్‌కూలర్ పైపు క్లిప్ సరిగ్గా బిగించలేదు. రెండు మీట్‌ల పాటు పవర్ లేదని ట్యూన్‌ని అనుమానించాను. చివరికి సబ్బు నీళ్లతో బుడగలు వచ్చిన చోట దొరికింది.

ఆయిల్ స్థాయి ప్రతి మీట్ ముందూ చూడు, ఈ ఇంజిన్లు ఆయిల్ తాగుతాయి. ట్యూన్ ఏ ఆక్టేన్‌కి (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) చేశారో ఆ పెట్రోలే పోయించు. 95కి చేసిన మ్యాప్‌తో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి తొక్కకు. నీ ట్యూన్ ఇథనాల్ శాతం పెరగక ముందు చేసిందైతే లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ రికార్డు) తీసి ఒకసారి సరిచూపించు, పాత రబ్బరు పైపులు కూడా.

ఈ పనులన్నీ అయ్యాక 60 అడుగులు 2.3కి వచ్చి, సమయం 14.6, 14.7 దగ్గర నిలబడుతుందని నా అంచనా. ఆ తర్వాత డబ్బు పెట్టాల్సింది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కి (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించేది). దాని తర్వాతే కే04.

ముందుగా మూడు వివరాలు పంపు: టైర్ల కోడ్; డాగ్‌బోన్ మౌంట్ ఫోటో; నాలుగో గేరులో బూస్ట్, గాలి ఉష్ణోగ్రత, టైమింగ్ రిటార్డ్ కనిపించే లాగ్. ఆ లాగ్ కోసం రోడ్డెక్కకు, ట్యూనర్ దగ్గర డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద తీయించు. సిరిమాను పండగ రద్దీ తగ్గాక శ్రీకాకుళం వస్తే కల్లంలో నీ పక్కన కూర్చుని క్లచ్ ఎక్కడ పట్టాలో చూపిస్తాను.